మా పెళ్లి డిస్కు, మా మేడమెట్లు

సూరత్‌లో మా అత్తవారింటికి మేడ ఉంది. మేడకు మెట్లున్నాయి. ఆ మెట్లు ఎక్కే భాగ్యం మాత్రం నాకు లేదు. ఈ సంగతి లాక్‌డౌన్ పెట్టిన మొదటి వారంలోనే నాకు బాగా తెలిసొచ్చింది. గోడాదరా పేటలో మా మామ, ఆయన అన్న కలిసి కట్టుకున్న ఇల్లది. మధ్యలో ఒక గోడ. గోడకు ఇటు రెండు గదులు మావి, అటు రెండు గదులు మా పెద్దమామవి. మెట్లు వాళ్ల వసారాలోంచి పైకి వెళతాయి. ఇల్లు కట్టేనాటికి అన్నదమ్ములు పాలూ నీళ్లలా ఉండేవారట, మెట్లు ఎటుంటే ఏమిటనుకున్నారట. నేను కోడలిగా కాలు పెట్టేసరికి ఇద్దరికీ మాటల్లేవు. ఆ మాటలు పోయింది కూడా సరిగ్గా మా పెళ్లిలోనే.

మా వాళ్లలో పెళ్లి పిల్లగాడి ఊళ్లో చేస్తారు. అందుకని మావాళ్లంతా జగిత్యాల దిక్కునుంచి రైలెక్కి సూరత్ వచ్చారు. ఇక్కడ ఫంక్షన్ హాలును వాడి అంటారు. మేం తీసుకున్న వాడికి ముందు భాగం బాగానే ఉంది. పూల పందిరి, మైకు, ఎర్ర కుర్చీలు, అన్నీ ఉన్నాయి. వంట మాత్రం వెనకాల, మగ్గాల కార్ఖానా గోడ పక్కన. పెళ్లయ్యాక ఇంటి పెద్దను మైకులో పిలిచి, పదిమంది ముందు బొట్టు పెట్టి, కొత్త బట్టలు చేతిలో పెట్టాలి. ఆ పిలుపులోనే గౌరవమంతా ఉంది, పంచె ఏపాటిదో ఎవరూ చూడరు.

మామ పిలిచానంటాడు. ఒకసారి కాదు, మూడుసార్లట. పెద్దమామ అసలు పిలవనే లేదంటాడు. ఆయన వంటల దగ్గర్నుంచి పందిట్లోకి వచ్చేసరికి మా మేనమామలకూ, పక్కింటివాళ్లకూ, ఆఖరికి వీడియో తీసేవాడికి కూడా కండువాలు కప్పడం అయిపోయింది. ఆయన చెప్పులేసుకుని ఇంటికి వెళ్లిపోయాడు. పొద్దుట్నుంచి దగ్గరుండి వండించిన మనిషి ఒక్క ముద్ద ముట్టలేదు. మర్నాడు మామ ఆ బట్టలు గోడ అవతలికి పంపిస్తే పోయిన దారినే తిరిగొచ్చాయి. అప్పటినుంచి అవి మా బీరువాలో, నా పెళ్లిచీర కింద ఉండిపోయాయి.

ఇదంతా జరిగేటప్పుడు నేను పందిట్లోనే ఉన్నాను. కానీ తలదించుకుని కూర్చోమన్నారు కాబట్టి నా కాలివేళ్లు తప్ప ఏమీ చూడలేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకుందామా అంటే, ఆ గొడవకు ముహూర్తం నా మెడలో పడ్డ మూడుముళ్లే. పిల్ల కాలుపెట్టిన వేళ, అని ఎవరో అననే అన్నారు. అన్నది ఎవరో నాకు తెలుసు, చెప్పను.

పెళ్లయి నెల తిరగకముందే దారులన్నీ మూసేశారు. మా ఆయన సూరత్ బయట, కిమ్ అనే ఊరి దగ్గర ఒక మిల్లులో సూపర్‌వైజర్. పొద్దున డ్యూటీకి వెళ్లినవాడు అక్కడే చిక్కుకుపోయాడు, మిల్లు గదుల్లోనే పడుకుంటున్నాడు. అంటే మొగుడు ఫోన్లో, అత్తమామలు ఇంట్లో, నేను వాళ్ల మధ్యలో. ఇంకా ఎవరికి ఎంత ఉప్పు కావాలో తెలియని ఇల్లు. మా రెండు గదులకూ ఒకే కిటికీ, అది తెరిస్తే ఎదుటి కార్ఖానా గోడ. పెళ్లై వచ్చిన కొత్తలో మగ్గాల చప్పుడుకు నిద్రపట్టేది కాదు. ఇప్పుడు ఆ చప్పుడు ఆగిపోయి నిద్రపట్టడం లేదు.

సాయంత్రమైతే గల్లీ గల్లీ అంతా మేడలెక్కేది. పిల్లల కేకలు, ఎవరిదో రేడియో, ఈ మేడ మీంచి ఆ మేడ మీదికి హిందీలో, ఒడియాలో, తెలుగులో కబుర్లు. నేను కింద గదిలో ఫ్యాన్ కింద కూర్చుని వినేదాన్ని. పైన గాలి ఉంది, ఆకాశం ఉంది, మనుషులున్నారు. నాకూ వాటికీ మధ్య ఉన్నవి పన్నెండో పదమూడో మెట్లు. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"అత్తమ్మా, జర మేడ మీదికి వోయి వస్త."

"ఆళ్ల వాకిట్ల నుంచి వోతవా బిడ్డా? నీ మామ మొఖం ఏడ వెట్టుకోవాలె?" అంది అత్త, బియ్యంలోంచి తలెత్తకుండానే.

నేను మంచిదాన్నే. కానీ గాలాడకపోతే మంచితనం ఎక్కువ రోజులు నిలవదు. ఆ రోజు గిన్నెలు కొంచెం గట్టిగానే తోమాను. ఏడుపు కూడా వచ్చింది, కుళాయి తిప్పి ఏడ్చాను.

నిజానికి అత్తకూ పెద్దత్తకూ ఏ గొడవా లేదు. మగవాళ్లు మధ్యాహ్నం కునుకు తీసే వేళకు ఇద్దరూ వెనక బట్టలుతికే బండ దగ్గర చేరేవారు. గోడకు ఇటొకరు, అటొకరు. పసుపు ఇటు నుంచి అటు, మెంతికూర అటు నుంచి ఇటు. మగవాళ్లు లేచేసరికి ఎవరి మొహం వాళ్లు మాడ్చుకుని లోపలికి పోయేవారు. అక్కడే ఒకరోజు పెద్దత్త ఆ మాట చెప్పింది. పెద్దమామ పనిచేసే కార్ఖానా సేటు మగ్గాలు అమ్మేస్తున్నాడట. దారులు తెరవగానే వాళ్లు ఊరికి వెళ్లిపోతారట, ఇక తిరిగి రారట.

"ఇంటికి తాళమేసి, చెవి అవుతలింటోళ్లకిస్త అంటున్నడు మీ బావ," అంది పెద్దత్త.

అవతలి ఇంటివాళ్లంటే వాళ్లకు ఆవలి పక్క ఉండే గుజరాతీ కుటుంబం. తోడబుట్టినవాడు గోడ పక్కనే ఉండగా తాళంచెవి పరాయివాళ్లకు. అత్త లోపలికొచ్చి మామకు చెప్పింది. మామ అన్నం సగంలోనే వదిలి చెయ్యి కడుక్కున్నాడు. తర్వాత నావైపు తిరిగాడు.

"ఆ డిస్కు తియ్యి బిడ్డా. పోతె పోనీ. నేను పిలిచిన అన్న ముచ్చట తెలిసి పోవాలె."

డిస్కు అంటే మా పెళ్లి వీడియో. ఇది మామూలు డీవీడీ కాదు, బ్లూ-రే, చీమ పాకినా కనిపిస్తుంది అని వీడియోవాడు ఊరిస్తే మామ సరేనన్నాడు. లాక్‌డౌన్‌కు కొద్దిరోజుల ముందు ఆల్బంతోపాటు ఇచ్చి వెళ్లాడు. ఇంట్లో ఉన్న డీవీడీ ప్లేయర్‌లో పెడితే అది డిస్కును మింగి వెంటనే కక్కేసింది. అప్పటినుంచి ఆ పెళ్లి ఎవరూ చూడలేదు. ఇక మిగిలింది మా ఆయన లాప్‌టాప్. పాతసామాన్ల బజారులో కొన్నది, రుబ్బురోలంత బరువుంటుంది. దానిమీద బ్లూ-రే అని ఒక స్టిక్కరుంది కాబట్టి అందులో డిస్కు ఆడుతుందని అందరికీ నమ్మకం.

ఆ బాధ్యత నా నెత్తిన పడింది. కోడలు కంప్యూటర్ చదివిందని సంబంధం మాట్లాడినప్పుడు మావాళ్లు గొప్పగా చెప్పారు. నేను చదివింది బీకాం కంప్యూటర్స్. అందులో కామర్స్ తక్కువ, కంప్యూటర్స్ ఇంకా తక్కువ. ఆ మాట ఇప్పుడెలా చెప్పను?

డిస్కు పెట్టాను. లోపల గిర్రున తిరిగింది, ఆగింది, మళ్లీ తిరిగింది, అంతే. మా ఆయనకు ఫోన్ చేస్తే, విండోస్ మళ్లీ వేయించినప్పుడు అందులో ఉన్న ప్లేయర్ పోయి ఉంటుంది, వేరే సాఫ్ట్‌వేర్ వెతుక్కో అన్నాడు. చెప్పడం ఎంత సులువో. నా ఫోన్‌కు రోజుకింత అని వచ్చే డేటా పెట్టి వెతకడం మొదలుపెట్టాను. మొదటిది దించడానికి రెండు రోజుల డేటా పోయింది. తీరా తెరిస్తే కొన్నాకే చూపిస్తాను, అదీ డాలర్లలో కొను, అంది. రెండోది ఉచితమే. కానీ అద్దెకొచ్చినవాడు చుట్టాలందర్నీ దింపినట్టు తనతోపాటు ఏవేవో ప్రోగ్రాములు తెచ్చి పెట్టింది. ఆ తర్వాత లాప్‌టాప్ తెరిచినప్పుడల్లా ఎవరో నాకు లాటరీ తగిలిందని చెప్పేవాళ్లు. మూడోది అన్నిటికంటే మర్యాదస్తురాలు. డిస్కు కనబడటం లేదు, దయచేసి డిస్కు పెట్టండి, అని మాత్రం అనేది. పెట్టాను తల్లీ, పెట్టే ఉన్నాను, అని దాంతో పోట్లాడేదాన్ని.

మామ రోజూ స్నానం చేసి, చొక్కా వేసుకుని వచ్చి నా వెనక కూర్చునేవాడు. పనికి పోయే మనిషి పనిలేక కూర్చుంటే ఎంత చిన్నబోతాడో ఆ రోజుల్లోనే చూశాను. ఏమైంది బిడ్డా, అని గంటకోసారి అడిగేవాడు. ఇంటర్నెట్‌లో చదివినదాన్ని నాకు అర్థమైనంత ఆయనకు చెప్పాను. సినిమా కంపెనీలు ఈ డిస్కులకు తాళం వేస్తాయి మామా, ఆ తాళంచెవి సాఫ్ట్‌వేర్‌లో ఉండాలి, అందుకే ఊరికే దొరకదు, అని.

"సినిమాకేస్తరు, సరే," అన్నాడు మామ. "మన పెండ్లికి తాళమేసిందెవడు?"

అడకత్తెరలో పోకచెక్కలా ఉంది నా బతుకు. ఇటు చూస్తే ఈయన ఆశ, అటు చూస్తే గోడ అవతల మూటలు కట్టుకుంటున్న చప్పుడు. పెద్దత్త రోజుకొక డబ్బా సర్దుతోంది. కాలివేళ్లు చూసుకుంటూ కూర్చున్న పాపానికి ఈ అన్నదమ్ములు నావల్లే విడిపోతారనిపించేది. నిజంగానే భయం వేసేది.

చివరికి వీడియోవాడికే ఫోన్ చేశాను. అతను మా మనిషే, కరీంనగర్ దిక్కు పల్లెలో ఇరుక్కుపోయి ఉన్నాడు.

"తాళమా? నేనేం తాళమెయ్యలేదక్కా," అన్నాడు. "సినిమా డిస్కులకు ఏస్తరు గని పెండ్లి డిస్కులకు ఎవలేస్తరు? ఉత్త ప్లేయర్ల సుత ఆడుతది. స్ట్రీమ్ అని ఫోల్డర్ ఉంటది, అండ్ల పెద్ద ఫైలు తెరువుండ్రి. డిస్కే కనవడ్తలేదా? అయితే ఎన్కదిక్కు తిప్పి సూడుండ్రి, ఏమన్న మరకలున్నయేమో."

డిస్కు తీసి తిప్పాను. పెట్టిన ప్రతిసారీ నేను మా ఇద్దరి ఫోటో ఉన్న వైపే చూసేదాన్ని. పెళ్లైన కొత్త, మొగుడు కిమ్‌లో, ఇంకేం చూస్తాను? వెనక వైపు, అద్దంలా మెరిసే చోట, పసుపు పూసి ఎండిపోయిన మరక. దాని మధ్యలో రూపాయి బిళ్లంత కుంకుమ బొట్టు.

"అత్తమ్మా, ఇదేంది?"

"ఉగాది నాడు దేవుని కాడ వెట్టి బొట్టు వెట్టిన," అంది అత్త. "కొత్త సామానొస్తే వెట్టమా? బీరువాకు వెట్టిన, నీ ఫోనుకు సుత వెట్టిన."

"వెడితే వెట్టినవు గని ఇటు దిక్కెందుకు వెట్టినవత్తమ్మా? అటు దిక్కు వెడితే అయిపోయేది కద."

అత్త నావైపు వింతగా చూసింది. ఇంత చదివిన పిల్లకు ఇదీ తెలియదా అన్నట్టుంది ఆ చూపు.

"అటు దిక్కు మీ ఇద్దరి మొఖాలున్నయి గదనే. ఫోటోల మొఖాల మీద బొట్టు వెడతరా? పోయినోళ్లకు వెడతరు. పెండ్లయి నెల కాలే, నా చేతులతోని నేనే ఎట్ల వెడుత?"

నాకు నవ్వు వచ్చింది. ఇన్నాళ్లూ ఈవిడకు నేనంటే గిట్టదనుకున్నాను. ఆవిడేమో మా ఇద్దరి ఆయుష్షు కాపాడటానికి మా పెళ్లిని మాపేసింది. కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. అత్త పాత నూలుచీర కొంగు చింపి, సబ్బునీళ్లలో ముంచి, మధ్యలోంచి అంచుకు మెల్లగా తుడిచాను. కుంకుమ పోయింది. పసుపు ఛాయ కొద్దిగా మిగిలింది. పసుపు ఎప్పుడు పూర్తిగా పోయింది కనుక?

మామ దండం పెట్టుకున్నాక డిస్కు లోపలికి తోశాను. గిర్రున తిరిగింది. ఈసారి ఫోల్డర్లు వచ్చాయి. మా ఆయన చెప్పిన ఒక ఉచిత ప్లేయర్‌తో పెద్ద ఫైలు తెరిచాను. తెర నిండా గులాబీలు రాలి, వాటి మధ్యలోంచి నా మొహం పైకి లేచింది. నేను కెవ్వుమనబోయి ఆపుకున్నాను.

"ఆపు," అన్నాడు మామ. "మనం ముందుగల్ల సూడొద్దు. సూస్తే ఏదన్న మార్చిన్రంటడు. అన్న ముంగటనే సూద్దాం."

అదీ ఆయన నిక్కచ్చి. కబురు బట్టలుతికే బండ మీదుగా వెళ్లింది. జవాబు కూడా ఆ బండ మీదుగానే వచ్చింది. సరే, ఏమని పిలిచిండో ఇందాం, అన్నాడట పెద్దమామ. కానీ వాళ్లింట్లోకి ఈయన పోడు, మా ఇంట్లోకి ఆయన రాడు. అందుకని వసారాలో గోడ ఆగిపోయే చోట ఒక స్టూలు వేసి దానిమీద లాప్‌టాప్ పెట్టాను. మామ ఇటు గడప మీద, పెద్దమామ అటు గడప మీద కూర్చున్నారు, మూతికి తువ్వాళ్లు కట్టుకుని. నట్టమధ్యాహ్నపు ఎండ. తెరమీద మా నీడలు తప్ప ఏమీ కనబడటం లేదు.

ఎండకు అడ్డంగా అత్త ఇటునుంచి, పెద్దత్త అటునుంచి ఒక దుప్పటి పట్టుకున్నారు. అయినా కనబడలేదు. ముందు పెద్దమామ కాస్త ముందుకు వంగాడు. తర్వాత మామ వంగాడు. ఇంకాస్త, ఇంకాస్త అని, ఆఖరికి ఇద్దరి తలలూ ఒకే దుప్పటి కింద చేరాయి. మధ్యలో మౌస్ పట్టుకుని నేను. ఆరడుగుల దూరం పాటించాలని గల్లీ గల్లీ మైకులో చెప్పి పోతున్న రోజులవి. మా దుప్పటి కింద ఆరు వేళ్ల దూరం కూడా లేదు.

గులాబీలు అయ్యాయి. హృదయాలు ఎగిరాయి. తాళి కట్టారు. పాత లాప్‌టాప్ కదా, బొమ్మ మధ్యమధ్యలో ఆగిపోయేది, మా ఆయన రెండో ముడి దగ్గర చాలాసేపు ఉండిపోయాడు. తర్వాత మామ మైకు పట్టుకున్న చోటు వచ్చింది. తెరమీద మామ మైకు దగ్గర పెట్టుకున్నాడు. పెదవులు కదిలాయి. వినబడింది మాత్రం సినిమా పాట. మంచి హుషారైన పాట, డప్పులతో సహా. వీడియోవాడు తాళి దగ్గర్నుంచి భోజనాల దాకా అసలు చప్పుడంతా తీసేసి పాటలు అంటించాడు. మామ పెదవులు మూడుసార్లు కదిలాయి. మూడుసార్లూ పాటే.

"మంచిగనే పాడిండు," అన్నాడు పెద్దమామ.

మామ మొహం చూడలేకపోయాను. "బిడ్డా, ఆ పాట తీసెయ్యరాదా? కింద నా మాట ఉంటది," అన్నాడు.

"ఉండదు మామా. మాట తీసేసినంకనే పాట వెడతరు."

ఇంత తవ్వి, ఇన్ని సాఫ్ట్‌వేర్లు దించి, ఇంత పసుపు తుడిచి చివరికి దొరికింది డప్పుల మోత. పెద్దమామ దుప్పటి తప్పించుకుని లేవబోయాడు. ఆయన లేస్తే ఇక అంతే, తాళంచెవి గుజరాతీవాళ్లింటికే. నాకు ఒక్కసారిగా ఒళ్లు మండింది. ఆయన మీద, ఈయన మీద, ఆ వీడియోవాడి మీద, ఆ మెట్ల మీద.

"కూసో పెద్దమామా," అన్నాను. కొత్త కోడలు అనాల్సిన గొంతు కాదది. "ఇది నా పెండ్లి. నేనింకా సూడనే లేదు. అయిపోయేదాక ఎవ్వలు లేవద్దు."

పెద్దత్త చేతిలో దుప్పటి కొద్దిగా జారింది. పెద్దమామ నావైపు చూసి, ఏమనుకున్నాడో, కూర్చున్నాడు.

తలంబ్రాలు నడుస్తున్నాయి. నిజం చెప్పాలంటే నేను నన్నే చూసుకుంటున్నాను. ముక్కుపుడక వంకరైంది, ఎవరూ చెప్పనే లేదు. అలా చూస్తుంటే నా భుజం వెనకాల, కుర్చీల వరసల్లో, ఒక మనిషి అటునుంచి ఇటు నడిచాడు. చేతిలో పళ్లెం, పళ్లెంలో నీలం అంచు పంచె. ఒక్కో వరస దగ్గర ఆగి, వంగి, మొహాలు చూసుకుంటూ పోతున్నాడు. తర్వాత మా చుట్టాలంతా నిలబడ్డ గ్రూప్ ఫోటో వచ్చింది. ఆ తలల వెనకాల అదే పళ్లెం, ఈసారి ఇటునుంచి అటు. తర్వాత అప్పగింతలప్పుడు నేను ఏడుస్తుంటే, నా వెనక గుమ్మంలో నిలబడి బయటికి తొంగి చూస్తూ. ఆఖరికి పందిరి గుంజ పక్కన ఒక్కడే, పళ్లెం గుండెకు ఆనించుకుని. వేలిగోరంత మనిషి. మామూలు డీవీడీ అయితే మసకగా ఒక తెల్లచొక్కా అనుకునేవాళ్లం. ఇందులో పంచె అంచు కూడా తెలుస్తోంది, నుదుటి మీద చెమట కూడా తెలుస్తోంది.

నేను ఆపాను. వేలు పెట్టి చూపించాను. "ఇగో, గిక్కడ సూడుండ్రి."

వెనక్కి తిప్పి మళ్లీ చూపించాను. పెద్దమామ దగ్గరకు వంగి, అద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు. ఎవరూ అడగకుండానే నేను ఇంకోసారి వేశాను.

"పళ్లెం వట్టుకోని గంతసేపు తిరిగినవా?" అన్నాడు పెద్దమామ. తమ్ముడితో ఆయన నేరుగా మాట్లాడటం నేను వినడం అదే మొదలు.

"నువ్వు కనవడకపాయె," అన్నాడు మామ.

అప్పటికి వీడియో, ఆఖర్న అంటించిన భోజనాల దగ్గరికి వచ్చింది. లడ్డూలు, పప్పు, బగారన్నం, అన్నీ వరసగా. ఆ గిన్నెల వెనక తలకు తువ్వాలు చుట్టుకుని, గరిటె ఎత్తి పట్టుకుని, వంటవాడి మీద నోరంతా తెరిచి అరుస్తున్న పెద్దమామ. ఆయన వెనక కార్ఖానా కిటికీ. కిటికీలో మగ్గాలు ఆడుతున్నాయి.

"నువ్వు ఆడున్నవా అన్నా?"

"మరేడుంట? బగార అడుగంటుతుండె."

"అడుగంటితె అంటనియ్యకపోయినవా."

"నీ ఇజ్జత్ పోదా?" అన్నాడు పెద్దమామ. కొంచెం ఆగి, "ఆ మగ్గాల పక్కపొంటి ఏమినవడ్తది? నువ్వు పిలిస్తే ఏంది, ఎవలు పిలిస్తే ఏంది," అన్నాడు.

నేను దుప్పటి బయటికి వచ్చేశాను. అక్కడ ఇక నా పని లేదనిపించింది. లోపలున్న ఇద్దరూ బయటికి రావడం లేదు. అత్తకూ పెద్దత్తకూ చేతులు లాగుతున్నట్టున్నాయి, అయినా దుప్పటి దించలేదు.

కాసేపటికి మామ లేచి ఇంట్లోకి వెళ్లాడు. బీరువా చప్పుడైంది. నా పెళ్లిచీర కింది బట్టలు పళ్లెంలో పెట్టుకుని, కుంకుమ భరిణె పట్టుకుని వచ్చాడు. గడప దాటి వసారాలోకి కాదు, వీధిలోకి దిగాడు. పోలీసులు వచ్చిపోయే వీధి. మా ఇంటికి నాలుగడుగుల అవతల నడివీధిలో నిలబడి, మూతికి ఉన్న తువ్వాలు కిందికి లాగి, పిలిచాడు.

"అన్నా. బట్టలు వెట్టుకుందువు, రా అన్నా."

గోడాదరాలో మగ్గాలు ఆగిన రోజులు కదా, ఆ పిలుపు గల్లీ చివరిదాకా వెళ్లింది. మేడల మీద ఒక్కో తల లేచింది. రెండోసారి పిలిచాడు. మూడోసారి పిలిచేలోపే పెద్దమామ మెట్టు దిగాడు, ఒక కాలికి చెప్పు కూడా వేసుకోలేదు. నడివీధిలో మామ ఆయనకు బొట్టు పెట్టాడు. పైనుంచి ఎవరో చప్పట్లు కొట్టారు. ఎందుకు కొడుతున్నారో వాళ్లకు తెలియదు. ఆ రోజు పెద్దమామ మా ఇంట్లో చింతపండు చారుతో అన్నం తిన్నాడు. పెళ్లినాటి భోజనం అది. రెండోసారి కూడా వడ్డించుకున్నాడు.

ఆ సాయంత్రం పెద్దత్త నా చెయ్యి పట్టుకుని మెట్లెక్కించింది. పైన ఏముంది? ఒక నీళ్ల ట్యాంకు, ఒక తెగిన నులక మంచం, చుట్టూ ఇలాంటివే వందల మేడలు. నేను చాలాసేపు ఆకాశంకేసే చూశాను. ఏడుపొచ్చింది, ఈసారి కుళాయి అవసరం పడలేదు. ఆ తర్వాత రోజూ వెళ్లాను.

అయినా వాళ్లు వెళ్లిపోయారు. మాటలు కలిసినంత మాత్రాన అమ్మేసిన మగ్గాలు తిరిగి రావు కదా. దారులు తెరిచాక ఒక ప్రైవేటు బస్సు దొరికింది. అప్పటికి మా ఆయన కూడా కిమ్ నుంచి వచ్చేశాడు. ఎదుటి కార్ఖానాలో ఉన్న కొద్దిమందితోనే మళ్లీ మగ్గాలు నడపడం మొదలుపెట్టారు. పెద్దమామ నీలం అంచు పంచె కట్టుకున్నాడు. తాళంచెవి మామ చేతిలో పెట్టబోయి, ఆగి, నా చేతిలో పెట్టాడు.

"మెట్లు నీయి బిడ్డా," అన్నాడు.

వాళ్లను బస్సు దగ్గరికి తీసుకెళ్లే ఆటో కదిలాక మామ మేడెక్కాడు. ఆయన వెనకే నేనూ ఎక్కాను. పిట్టగోడ పట్టుకుని వంగి, గల్లీ చివరికి చేరిన ఆటోను చూస్తూ, అన్నా, అని పిలిచాడు. కింద మగ్గాలు అదరగొడుతున్నాయి. పక్కనే ఉన్న నాకే ఆ మాట సరిగా వినబడలేదు. గల్లీ మలుపులో ఆటో ఆగింది. పెద్దమామ పక్కకు వంగి తల బయటపెట్టి, మా మేడవైపు చూసి, చెయ్యెత్తాడు.